బొమ్మలో ఎవరు పెద్ద? వాక్యంలో ఎవరు పెద్ద?

(పెద్దల సండేస్కూలు, స్త్రీల సమాజము, యౌవనస్థుల కూటములకు బైబిలు పాఠము)

పాఠ్యభాగములు: 2 సమూయేలు 11:1 నుండి 12:14 వరకు, 2 రాజులు 18:13-17, లూకా 8:1-3, యోహాను 20:11-18, రోమా 16:1-7

కంఠత వాక్యము: 1 సమూయేలు 16:7

పాఠము యొక్క ఉద్దేశము: పూర్వకాలపు స్త్రీపురుషులను చిత్రాలలో, శిల్పాలలో చూపించిన విధానాన్ని పరిశీలించి, వాటిని వాక్యముతో సరిపోల్చుకొనుట, ఆ వెలుగులో మన సంఘములలోని స్త్రీలను, ఆడపిల్లలను మనము చూచే చూపును దిద్దుకొనుట.



మనలో చాలామందికి బైబిలు మొదట చెవిలో పడినది, తరువాత కంటిలో పడినది. సండేస్కూలులో పటము చూపించి కథ చెప్పేవారు. ఆ పటములు ఎంత మేలు చేశాయో మనకు తెలుసు. చదువురాని తల్లులు కూడ వాటిని చూచి అబ్రాహామును, మోషేను గుర్తుపట్టేవారు. అయితే ఒక మాట. వాక్యము దేవుని ప్రేరణ వలన కలిగినది. పటము మాత్రము మనిషి గీసినది. గీసిన మనిషికి ఒక కాలము, ఒక ఊరు, ఒక యజమాని ఉంటారు. బొమ్మలో ఎవరిని పెద్దగా నిలబెట్టాలో, ఎవరిని మోకాళ్ల మీద కూర్చోబెట్టాలో నిర్ణయించేది అతడే. ఈ పాఠములో దానిని నాలుగు ఉదాహరణలతో చూద్దాము. మొదటిది మన ఊరిలోనే ఉన్నది.

1. లాల్‌పేట రాయి

బొగ్గుగనుల పనికి, థర్మల్ పవర్ స్టేషన్ పనికి చంద్రపూర్ చేరిన తెలుగువారికి లాల్‌పేట పేరు కొత్త కాదు. అక్కడ ఆరుబయట బ్రహ్మాండమైన రాతి విగ్రహాలు పడియున్నవి. ఒక్కొక్కటి ఒకే రాతిలో చెక్కినది. కేంద్ర పురావస్తు శాఖవారు వాటిని కాపాడుతున్నారు. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే ధనవంతుడైన కోమటి ఒక గొప్ప శివాలయము కట్టించాలని వాటిని చెక్కించాడనీ, గుడి లేవకముందే కాలము చేశాడనీ ఇక్కడివారు చెప్పుకుంటారు.

వాటిలో అన్నిటికంటె పెద్దది పది తలల విగ్రహము. పొడవు సుమారు 25 అడుగులు, బరువు 50 టన్నులకు పైమాటే. ఊరివారు దానిని రావణుడు అంటారు. కాని అది రావణుడు కాదు. పాత జిల్లా గెజెటీరులోనే దానిని దుర్గ విగ్రహముగా గుర్తించారు. శిల్పి చెక్కినది స్త్రీ రూపము. చూచినవారు పెట్టినది పురుషుని పేరు.

మనము ఆ రాతికి మ్రొక్కువారము కాము. పూజించే పొరుగువారిని ఎగతాళి చేయుట కూడ మన పని కాదు. అయితే ఆ రాయి మనకు ఒక సంగతి చెబుతున్నది. పది తలలంటే రావణుడే గుర్తుకు వచ్చుట సహజమే. దానితోపాటు ఇంకొక అలవాటు కూడ మనలో ఉన్నది. అంత ఆకారము, అంత బలము కనబడితే అది మగవాడిదే అయి ఉండాలని మనసు ముందే తీర్పు చేస్తుంది. కళ్లు ఆ తీర్పును తరువాత చూస్తాయి.

ఇది ఒక్క చంద్రపూరు సంగతి కాదు. ఓరుగల్లును 1262 ప్రాంతము నుండి 1289 వరకు ఏలిన రుద్రమదేవి శాసనాలలో రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో కనబడుతుంది. సింహాసనము మీద కూర్చున్నది స్త్రీ అయినా, అధికారము పలికినది పురుషుని పేరుతోనే. ఈ అలవాటును మనసులో ఉంచుకొని బైబిలు కాలపు గోడ ఒకదానిని చూద్దాము.

2. నీనెవె గోడ మీద లాకీషు

హిజ్కియా యేలుబడిలో అష్షూరు రాజైన సన్హెరీబు యూదా పట్టణముల మీదికి వచ్చాడనీ, లాకీషు దగ్గర దిగాడనీ 2 రాజులు 18వ అధ్యాయములో చదువుతాము. ఇది క్రీ.పూ. 701లో జరిగినది. తరువాత సన్హెరీబు నీనెవెలో కట్టుకొన్న నగరులో, ఒక గది గోడల నిండా లాకీషు ముట్టడిని రాతి పలకలపై చెక్కించాడు. 1840లలో లేయార్డ్ అనే ఆంగ్లేయుడు ఆ నగరును త్రవ్వి బయటకు తీశాడు. ఆ పలకలు ఇప్పుడు లండనులో బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. బైబిలులో పేరున్న ఒక యుద్ధమును శత్రురాజు స్వయముగా చెక్కించుకొన్న బొమ్మ ఇది.

ఆ బొమ్మలో రాజు ఎత్తయిన సింహాసనము మీద కూర్చున్నాడు. పట్టణపు పురుషులు కొందరు అతని ముందు మోకరించియున్నారు. కొందరిని క్రూరముగా చంపుతున్నారు. స్త్రీలు తలమీదనుండి పొడుగాటి ముసుగు వేసుకొని, మూటలు మోసుకొంటూ వరుసగా నడుస్తున్నారు. కొందరు పిల్లలతో ఎడ్లబండి మీద ఉన్నారు. ఊరు విడిచి, సామాను మూటగట్టుకొని, తెలియని దేశానికి నడిచిపోయే ఆ తల్లులను చూస్తే వలస వచ్చిన కుటుంబాలమైన మనకు మనసు కలుక్కుమంటుంది. మనము పని కొరకు వచ్చాము, వారిని చెరపట్టి తీసుకొనిపోయారు. ఆ తేడా మరువకూడదు. కాని చెక్కించినవానికి వారి దుఃఖముతో పని లేదు. అతనికి వారు లెక్క. ఎన్ని ఎడ్లు, ఎన్ని బండ్లు, ఎందరు స్త్రీలు అని చూపించే కొల్లసొమ్ము.

ఆ గోడ చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఆ గదిలో లాకీషు ఉన్నది గాని యెరూషలేము లేదు. యెరూషలేమును అతడు పట్టుకోలేకపోయాడు. చివరకు తన కుమారుల చేతనే చచ్చాడని 2 రాజులు 19:37 చెబుతున్నది. ఏ రాజు కూడ తన ఓటమిని తన గోడ మీద చెక్కించుకోడు. ఆ పలకలలో సన్హెరీబు ముఖమును ఎవరో తరువాతి కాలములో కావాలని చెక్కివేశారు. గొప్పకొరకు చెక్కించుకొన్న ముఖమే ముందు పోయింది.

దీనినుండి ఒక సూత్రము తీసుకుందాము: గొప్ప చెప్పుకొనే చోట రాజు పెద్దగా ఉంటాడు. మరి తప్పు చేసిన చోట రాజు ఎలా ఉంటాడు?

3. బత్షెబ: రాజు ఎందుకు చిన్నవాడయ్యాడు?

2 సమూయేలు 11వ అధ్యాయమును తరగతిలో నెమ్మదిగా చదవండి. క్రియాపదాల క్రింద గీత గీయండి. రాజులు యుద్ధమునకు బయలుదేరే కాలములో దావీదు ఇంటివద్ద నిలిచిపోయాడు. మిద్దె మీద తిరిగాడు. చూచాడు. విచారించాడు. ఆమె ఊరియా భార్య అని తెలుసుకొన్నాడు. తెలిసిన తరువాతనే దూతలను పంపాడు. ఆమెను పిలిపించుకొన్నాడు. ఈ క్రియలన్నీ దావీదువి. బత్షెబ వచ్చినది, తిరిగి వెళ్లినది, గర్భవతి అయినట్లు కబురు పంపినది. రాజు మనుషులు గుమ్మములోకి వచ్చి నిలబడితే, భర్త యుద్ధభూమిలో ఉన్న స్త్రీ ఏమని చెప్పగలదు?

ఇంకొక సంగతి గమనించండి. మిద్దె మీద ఉన్నది దావీదు. బత్షెబ మిద్దె మీద స్నానము చేసినదని వాక్యములో లేదు. అశుచి పోగొట్టుకొనుటకు శుద్ధిచేసికొన్నదని మాత్రము 4వ వచనములో ఉన్నది. అంటే ఆమె ధర్మశాస్త్రమునకు లోబడిన స్త్రీ. మన పాత ఊళ్లలో పెరట్లో తడిక చాటున స్నానము చేసే తల్లులను తలచుకోండి. తడిక సందులోనుండి ఎవడైన తొంగిచూస్తే ఊరు ఎవరిని తిట్టాలి?

ఇప్పుడు చిత్రకారులు ఏమి చేశారో చూద్దాము. 1635 ప్రాంతములో రూబెన్స్ అనే గొప్ప చిత్రకారుడు గీసిన పటములో బత్షెబ అర్ధనగ్నముగా ముందు కూర్చున్నది. ఆమెకు ఒక సేవకుడు ఉత్తరము తెచ్చి ఇస్తున్నాడు. దావీదు ఎక్కడ ఉన్నాడు? దూరముగా, పైన మేడమీద, వెదకితేగాని కనబడనంత చిన్నగా ఉన్నాడు. 1654లో రెంబ్రాంట్ గీసిన పటములో దావీదు అసలే లేడు. బత్షెబ చేతిలో ఉత్తరము పట్టుకొని విచారముగా కూర్చున్నది. ఆమె ముఖములో బాధను రెంబ్రాంట్ చూపించాడు, అది నిజమే. అయినా చూచేవారి ఎదుట వస్త్రము లేకుండ కూర్చున్నది ఆమే, రాజు కాదు. 1889లో జెరోమ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆమెను ఏకముగా మిద్దె మీదికే ఎక్కించాడు.

ఆ ఉత్తరము సంగతి కూడ చూడండి. దావీదు బత్షెబకు ఉత్తరము వ్రాసినట్లు బైబిలులో లేదు. ఈ అధ్యాయములో ఉన్న ఉత్తరము ఒక్కటే. అది 14వ వచనములో దావీదు యోవాబుకు వ్రాసినది, ఊరియా చేతికే ఇచ్చి పంపినది, ఊరియాను చంపించినది. హత్య చేయించిన ఉత్తరము బొమ్మలలోనికి వచ్చేసరికి ప్రేమలేఖ అయిపోయింది!

నీనెవె గోడను దీని ప్రక్కన పెట్టండి. అక్కడ విజయము చూపించాలి గనుక రాజు పెద్దగా ఉన్నాడు. ఇక్కడ పాపము చూపించాలి గనుక రాజు దూరముగా, చిన్నగా అయిపోయాడు. స్త్రీ పటమంతా నిండిపోయినది. బొమ్మ చూచినవాడు 'ఈమె వలన దావీదు పడిపోయాడు' అనుకొని పోతాడు.

దేవుడు అలా చూపించలేదు. నాతానును పంపి ఒక ఉపమానము చెప్పించాడు. అందులో ధనవంతుడు ఉన్నాడు, దరిద్రుడు ఉన్నాడు, దరిద్రుడు ముద్దుగా పెంచుకొన్న చిన్న గొఱ్ఱెపిల్ల ఉన్నది. గొఱ్ఱెపిల్ల ధనవంతుని శోధించినదని నాతాను అనలేదు. వ్రేలు తిన్నగా రాజువైపే చూపించాడు. చివరి వచనము కూడ దావీదు చేసిన పని యెహోవా దృష్టికి చెడ్డదని చెబుతున్నది గాని, వారిద్దరు చేసిన పని అని చెప్పలేదు.

అంతేకాదు, 1 రాజులు 2:19 చదవండి. సొలొమోను రాజు తల్లిని చూచి లేచి ఎదురు వెళ్లి నమస్కారము చేసి, తన కుడి ప్రక్కన ఆమెకు ఆసనము వేయించాడు. ఆ ఆసనము మీద కూర్చున్న బత్షెబ మనకు పటములలో అరుదుగా కనబడుతుంది. స్నానము చేసే బత్షెబ మాత్రము అందరికీ తెలుసు.

4. పేరు మారిన మరియ, పేరు మారిన యూనీయ

మగ్దలేనే మరియ అనగానే జుట్టు విరబోసుకొని, అత్తరుబుడ్డి పట్టుకొని ఏడ్చే వ్యభిచారిణి బొమ్మ మనసులోకి వస్తుంది. ఏ సువార్తలో ఉన్నది ఆ మాట? లూకా 7వ అధ్యాయములోని పాపాత్మురాలికి పేరు లేదు. మరియ పేరు 8వ అధ్యాయములో వస్తుంది. ప్రభువు ఆమెలోనుండి ఏడు దయ్యములను వెళ్లగొట్టాడనీ, ఆమెయు ఇతర స్త్రీలును తమకు కలిగిన దానితో ఉపచారము చేశారనీ ఉన్నది. క్రీ.శ. 591లో రోమాలో పోపు గ్రెగొరీ చేసిన ఒక ప్రసంగములో ఈ ఇద్దరినీ, బేతనియ మరియను కూడ కలిపి ఒకే స్త్రీగా చెప్పాడు. ఆ తరువాత చిత్రకారులు వందల సంవత్సరాలు అదే గీశారు. రోమను కతోలిక సంఘమువారు 1969లో తమ పండుగల పట్టికను సవరించినప్పుడు ఈ కలగాపులగమును తీసివేశారు. పోపు మాటకు బద్ధులము కామని చెప్పుకొనే మనము మాత్రము క్రిస్మసు, ఈస్టరు నాటకాలలో ఆ పాత వేషమే ఇంకా వేయిస్తున్నాము. తిరిగి లేచిన ప్రభువు మొదట కనబడి, శిష్యులయొద్దకు వర్తమానము ఇచ్చి పంపినది ఈమెనే అని యోహాను 20వ అధ్యాయము సాక్ష్యమిస్తున్నది.

రోమా 16:7లో పౌలు అంద్రొనీకుకు, యూనీయకు వందనములు చెప్పి, అపొస్తలుల విషయమై వారికి ప్రసిద్ధి ఉన్నదని వ్రాశాడు. నాలుగవ శతాబ్దములో యోహాను క్రిసొస్తొము ఈ వచనము మీద బోధిస్తూ, యూనీయ స్త్రీ అనే చెప్పి ఆమెను మెచ్చుకొన్నాడు. అయినను తరువాత కొందరు ఆ పేరును పురుషుని పేరుగా మార్చి చదివారు. గ్రీకులో ఒక చిన్న స్వరచిహ్నము మారిస్తే స్త్రీ పురుషుడైపోతాడు. 20వ శతాబ్దములో పండితులు ఎక్కువగా వాడిన గ్రీకు ముద్రణలో చాలాకాలము అలాగే అచ్చయినది. 1998లో తిరిగి స్త్రీ పేరుగా దిద్దారు. లాల్‌పేట రాయిని తలచుకోండి. అంత పెద్ద విగ్రహమైతే రావణుడే అయి ఉండాలి. అపొస్తలులతో కలిపి చెప్పారంటే పురుషుడే అయి ఉండాలి. రెండు చోట్లా తీర్పు ముందే అయిపోయింది.

స్త్రీలు కాపరులు కావచ్చునా అనే ప్రశ్నకు ఈ పాఠములో మేము తీర్పు చెప్పబూనలేదు. మన సంఘములలో దానిపై వేర్వేరు అభిప్రాయములు ఉన్నవి. 1 తిమోతి 2వ అధ్యాయమును ప్రార్థనతో చదివి ప్రతి సంఘము ఆలోచించుకోవలెను. మేము అడిగేది అంతకంటె చిన్న సంగతి. ఉన్న పేరును ఉన్నట్లు చదవండి. ఫీబేను ఫీబేగా, యూనీయను యూనీయగా, ఖర్జూరవృక్షము క్రింద తీర్పు తీర్చిన దెబోరాను దెబోరాగా పిల్లలకు నేర్పండి.

5. మన స్వంత కొండ

ఇతరుల బొమ్మలను విమర్శించిన తరువాత మన స్వంత బొమ్మను కూడ చూచుకోవాలి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కన కొండమీద జరిగిన ప్రార్థన తెలుగు బాప్టిస్టులందరికీ తెలుసు. ఆ ప్రార్థనకు జవాబుగా క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారనీ, 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారనీ మన పిల్లలకు చెప్పుకుంటాము.

ఆ ఉదయము కొండ మీద ఎవరు ఉన్నారు? ఐదుగురు. జూయెట్ దొరగారు, ఆయన భార్య, నరసు, జూలియా, రూతు. అంటే ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. వారిలో ఇద్దరు మన తెలుగు స్త్రీలు. మన జ్ఞాపకములోని బొమ్మలో ఎవరు పెద్దగా ఉన్నారు? దొరగారు ఉన్నారు. తక్కినవారు నీనెవె గోడ మీది స్త్రీలవలె పేరు లేకుండ వెనుక వరుసలో నడుస్తున్నారు. దొరగారి ఘనతను తగ్గించమని మేము చెప్పుట లేదు. అతని ప్రక్కన మోకరించిన జూలియా, రూతుల పేర్లు కూడ పిల్లల చేత పలికించమని కోరుతున్నాము.

6. మన సంఘములలో దీని పని

ఇదంతా పాత సంగతి గదా, దీనివలన ఏమి అని కొందరు అడుగవచ్చును. చూచే చూపు ఎలాంటిదో తీర్పు అలాంటిదే. బత్షెబ మిద్దె మీద ఉన్నదని బొమ్మ చూచి నేర్చుకొన్న పెద్దమనిషి దగ్గరకు, రేపు ఒక ఆడపిల్ల ఏడుస్తూ వచ్చి తనకు జరిగిన అన్యాయము చెబితే, అతని నోటినుండి మొదట ఏ ప్రశ్న వస్తుంది? 'ఆ వేళప్పుడు అక్కడ నీకేమి పని?' అనియే వస్తుంది. అది నాతాను అడిగిన ప్రశ్న కాదు. వలస వచ్చిన చోట, బంధుబలగము లేని చోట, సంఘమే ఆ పిల్లకు పుట్టిల్లు. ఆ పుట్టింటి పెద్దలు తప్పు చేసినవాని హోదా చూచి, అతని చందాలు చూచి అతనిని బొమ్మలో చిన్నగా దాచివేస్తే, ఆ పిల్ల ఇక ఎవరి ముఖము చూడాలి?

కాబట్టి పెద్దలారా, పరిచారకులారా, ఈ మూడు సంగతులు ఆచరణలో పెట్టండి.

మొదటిది, సండేస్కూలు పటములను, నాటకములను వాక్యము ప్రక్కన పెట్టి చూడండి. వాక్యములో లేని నింద ఏ స్త్రీమీదను వేయవద్దు.

రెండవది, ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట క్రియాపదములు వెదకండి. ఎవరు పంపించారు? ఎవరు పిలిపించారు? అధికారము ఎవరి చేతిలో ఉన్నది? ఆ తరువాతనే మాటలాడండి.

మూడవది, బాధితులు పిల్లలైతే కమిటీలో రాజీ చేయుటకు మనకు అధికారము లేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసినదే. పిల్లల సహాయమునకు 1098 నంబరు ఉన్నది. దానిని సంఘపు నోటీసు బోర్డు మీద వ్రాసి ఉంచండి.

చర్చించుటకు ప్రశ్నలు

1. 2 సమూయేలు 11వ అధ్యాయములో దావీదు చేసిన క్రియలు ఎన్ని, బత్షెబ చేసినవి ఎన్ని? లెక్కించి పలక మీద వ్రాయండి.
2. మత్తయి 1:6లో బత్షెబ పేరు వ్రాయక ఊరియా భార్యగా ఎందుకు చెప్పబడినదని మీరు అనుకొనుచున్నారు? అది ఎవరి పాపమును గుర్తుచేస్తున్నది?
3. మీ ఇంటిలో, మందిరములో ఉన్న ఒక బైబిలు పటమును తీసుకోండి. అందులో నిలబడినవారెవరు, వంగినవారెవరు? వాక్యములో అలాగే ఉన్నదా?
4. మీ సంఘము పుట్టుకలో పనిచేసిన స్త్రీల పేర్లు మీకు ఎన్ని తెలుసు? తెలిసినవారు జీవించియుండగానే అడిగి వ్రాసిపెట్టండి.

ప్రార్థన

మనుష్యులు లక్ష్యపెట్టు వాటిని లక్ష్యపెట్టని దేవా, మా కన్నులను దిద్దుము. బలవంతుని పాపమును దాచని నాతాను ధైర్యమును మా పెద్దలకు దయచేయుము. మా మధ్య నోరు తెరువలేక ఉన్న సహోదరీలకు, బిడ్డలకు మా సంఘములను ఆశ్రయముగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.